గళ్ళ తువాలు

"పిల్లనిలా ఇవ్వవే! నీళ్ళు చల్లారిపోతున్నాయి."

రహమతున్నీసా అడగడం అది మూడోసారి. పెరట్లో పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, కాళ్ళు బారచాపుకుని ఉంది. పక్కన శనగపిండి గిన్నె, కొబ్బరినూనె సీసా, ఒళ్ళు తుడవడానికి మెత్తటి పాత పంచె ముక్క, అన్నీ వరసగా పెట్టుకుంది. ఆ కాళ్ళ మీద బోర్లా పడుకోవాల్సిన ఎనిమిది నెలల సైమా మాత్రం గుమ్మంలో కోడలి చంకలో ఉంది. నానమ్మని చూసి కాళ్ళు కొట్టుకుంటోంది.

"నేను పోస్తాలెండి అత్తమ్మా," అంది నస్రత్.

"నిన్నా అదే మాటన్నావు, మొన్నా అదే మాట. పుట్టి బొడ్డూడిన కాణ్ణుంచీ ఈ పిల్లకి నా కాళ్ళ మీదే స్నానం. ఇప్పుడేమొచ్చింది కొత్తగా?"

నస్రత్ మెట్టు దిగి వచ్చి, వంగి, బకెట్లో వేలు ముంచింది. చటుక్కున తీసేసింది. బిందెలోంచి చెంబుడు చన్నీళ్ళు తెచ్చి అందులో కుమ్మరించింది. మళ్ళీ వేలు పెట్టి చూసింది. ఇంకో చెంబు. ఆ తర్వాత ఇంకొకటి.

మూడు చెంబులు!

"నేను తొరిపిన నీళ్ళు నీకు పనికిరాలేదా?" అంది రహమతున్నీసా. "ఈ వీధిలో పుట్టిన పిల్లల్లో సగం మంది నా కాళ్ళ మీద పడుకుని ఏడ్చినవాళ్ళే. పురుడొస్తే మంత్రసాని కంటే ముందు నాకోసం వచ్చేవాళ్ళు. నీ మొగుణ్ణి అడుగు. ఇవాళ నువ్వు నాకు నీళ్ళు తొరపడం నేర్పుతావా?"

"అలా అనలేదు నేను."

"అనక్కర్లేదు. చేసి చూపిస్తున్నావుగా!"

నస్రత్ తల వంచుకుని పిల్ల ఒంటి మీద గౌను తీసింది. రహమతున్నీసా ఉండబట్టలేక మెడ చాపి చూసింది. పోయిన వారం సైమా వీపు మీద అరచేయంత మేర ఎర్రబడింది. చెమటకాయలని తేల్చి, రెండు పూటలా కొబ్బరినూనె రాసింది తనే. ఇప్పుడు తగ్గిపోయింది. ఆ మాటే చెబుదామనుకుంది. కోడలు ఆ వీపు మీద వేళ్ళు ఆనించి అలా చూస్తూ ఉండిపోవడం చూసి, చెప్పబుద్ధి కాలేదు.

లేచి, పీట కాలితో పక్కకి తన్ని, ఇంట్లోకి వచ్చేసింది.

వాకిట్లో అయూబ్ ఆటో అద్దం తుడుస్తున్నాడు.

"ఒరేయ్ అయూబూ, నీ పెళ్ళాం నన్ను పిల్లని ముట్టుకోనివ్వడం లేదురా!"

"అమ్మా, ఇవాల్టికి వదిలెయ్యమ్మా. దాని తల దానికే పగిలిపోతోంది. పది గంటలకి ఇస్కూల్లో అందరి ముందూ నిలబడాలి."

"నిలబడమని నేను చెప్పానా? బుధవారం నాడే నోరు తెరిచి, నేను కలపలేదు మొర్రో అని ఉంటే ఇంతదాకా వచ్చేదా?"

అయూబ్ గుడ్డ పిండి దులిపాడు.

బుధవారం నాడు జరిగింది అతనికీ మింగుడు పడలేదు. నస్రత్ ఆ చిన్న బళ్ళో డ్రాయింగ్ టీచరుగా చేరి మూడు నెలలైంది. ఇంకా ఖాయం చేయలేదు. ఒకటో తరగతి పిల్లల చేత బ్రష్షులు లేకుండా, ఉత్త చేతులతో రంగులు వేయిస్తుంటే, ఉన్నట్టుండి ఏడుగురు పిల్లలు కళ్ళు నలుపుకుంటూ గొల్లుమన్నారు. హెడ్మిస్ట్రెస్ సామ్రాజ్యం గారు కంగారుపడి కుళాయి కింద కళ్ళు కడిగించి, బ్రాడీపేటలో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరు చూసి, "ఏదో కారం తగిలింది, భయం లేదు," అన్నాడు.

భయం లేదన్న మాట అక్కడే ఉండిపోయింది. కారం అన్న మాట మాత్రం పిల్లలకంటే ముందు వీళ్ళుండే నల్లపాడు చేరింది.

ఆ సాయంత్రమే, ఆ ఏడుగురిలో ఒకరైన దీప్తి తండ్రి పానకాలు వాకిట్లోకొచ్చి అరిచాడు. ఎర్రరంగు చాలక టీచరమ్మ కారప్పొడి కలిపిందట. అతను మిరపకాయల షెడ్డులో బస్తాలు కుట్టే మనిషి. కారం సంగతి అతను చెబితే ఎవరు కాదంటారు? వీధి వీధంతా వింటూ ఉండగా నస్రత్ ఒక్క మాట అంది.

"తప్పు నాదేనండి."

అంతే. ఆ పైన పెదవి విప్పలేదు.

సామ్రాజ్యం గారు మంచావిడ. ఇంకో అవకాశం ఇచ్చారు. శనివారం తల్లిదండ్రులందరూ చూస్తుండగా అదే పాఠం మళ్ళీ చెప్పాలి. పిల్లలు రంగు ముట్టుకుని, పెద్దవాళ్ళు ఒప్పుకుంటే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదు.

ఆ శనివారం ఇవాళే.

స్నానం చేసిన పిల్లని ఉయ్యాల్లో వేసి నస్రత్ వంటింట్లోకొచ్చింది. పొయ్యి మీద అన్నం గిన్నె కుతకుతలాడుతోంది. రహమతున్నీసా మసిగుడ్డ వెతుక్కోలేదు, పటకారూ తీసుకోలేదు. రెండు చేతులతో గిన్నె అంచులు పట్టుకుని దించి, గంజి వార్చడానికి ఓరగా వంచింది. ఆవిడ ఎప్పుడూ చేసే పనే. చుట్టాలొస్తే అయూబ్ గొప్పగా చూపించేవాడు కూడాను, మా అమ్మకి పటకారు దండగ అని.

నస్రత్ ఆ చేతులనే చూస్తోంది.

"ఏంటలా చూస్తావు?"

"ఏం లేదు."

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. కలిపావా కారం?"

"లేదత్తమ్మా."

"మరి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

నస్రత్ గోడకేసి తిరిగింది. "రంగులోనే ఏదో ఉండుంటుంది," అంది.

అబద్ధమని రహమతున్నీసాకి తెలిసిపోయింది. పాతికేళ్ళు దాటిన పిల్ల అయినా, అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి నస్రత్‌కి. ఎవర్నో కాపాడుతోంది. బళ్ళో ఆయానా? సామ్రాజ్యం గారినా? వాళ్ళకోసం ఇంటిల్లిపాదినీ బజార్లో పెడుతుందా?

"నేనూ వస్తున్నా బడికి," అంది.

"వద్దత్తమ్మా!"

ఎంత గట్టిగా అందంటే, ఉయ్యాల్లో పిల్ల ఉలిక్కిపడింది.

"పదిమందీ నిన్ను అంటుంటే ఇంట్లో కూర్చుని మిరపకాయలు ఒలుచుకోమంటావా? వస్తున్నా."

*

అయూబ్ ఆటో బడి దారి పట్టింది. రోడ్డు పక్కన కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. పత్తి మూటల లారీ ఒకటి దారి ఇవ్వక, దాని వెనకే నత్తనడక నడవాల్సొచ్చింది. అయూబ్ హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. నస్రత్ రంగు డబ్బాల సంచి ఒళ్ళో పెట్టుకుని అడుగుకోసారి టైము చూసుకుంటోంది. రహమతున్నీసా ఒళ్ళో సైమా. ఇంటి దగ్గర ఎత్తుకోనిస్తుందో లేదోనని అనుమానపడింది గానీ, ఎత్తుకుంటే నస్రత్ ఏమీ అనలేదు. స్నానం ఒక్కటే కూడదన్నట్టుంది. అదే అంతుపట్టలేదు ఆవిడకి.

బడి వరండాలో తల్లిదండ్రులు అప్పటికే వచ్చి ఉన్నారు. పానకాలు స్తంభానికి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. షెడ్డులో తనతో పాటు కూర్చుని కాయల ముచ్చికలు తీసే ఆడవాళ్ళు ముగ్గురు కనిపించారు రహమతున్నీసాకి. పలకరిస్తే పలికారు గానీ పక్కకి జరిగి చోటివ్వలేదు. ఆవిడే ఒక చివరగా చాప మీద కూర్చుంది. అయూబ్ వెనక నిలబడ్డాడు.

తరగతి గదిలో పిల్లలు నేల మీద రెండు వరసల్లో కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు మట్టిరంగు అట్ట. మధ్యలో పళ్ళేల్లో తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు.

"ఇవాళ మనం చేలో తిరిగొద్దాం," అంది నస్రత్. గొంతు మొదట పీలగా వచ్చింది. "బొటనవేలు చూపించండి అందరూ. అది పత్తికాయ. తెల్లరంగులో ముంచి, అట్ట మీద ఇలా అద్ది, ఇలా తిప్పండి. పగిలిందా పత్తి?"

"పగిలింది టీచర్!"

"ఇప్పుడు చిటికెనవేలు. దాన్ని పక్కకి వాల్చి అద్దితే ఏమవుతుంది?"

పిల్లలు అద్ది చూసుకున్నారు. పొడుగ్గా, కొస సన్నగా, కాస్త వంకరగా అచ్చు పడింది.

"మిరక్కాయ్!" అన్నారు అందరూ ఒక్కసారి. వరండాలో పెద్దవాళ్ళు కూడా మెడలు చాచారు.

రహమతున్నీసా కళ్ళు పెద్దవి చేసింది. చిటికెనవేల్లో మిరపకాయ ఉందని, ఇన్నేళ్ళు లక్షల కాయలు ఒలిచిన తనకే తట్టలేదు. కోడలి మీద కోపం కాసేపు ఎటో పోయింది.

"టీచర్, వీడి మిరక్కాయ దోసకాయంత ఉంది!"

"వాళ్ళ చేలో ఎరువు బాగా వేశారులే."

"టీచర్, మా తాత చేలో పందులు పడ్డాయి. పంది వెయ్యనా?"

"వెయ్యి. గుప్పిట మూసి అద్దితే పంది వస్తుంది. కానీ పత్తి తొక్కనివ్వకు."

పిల్లలు నవ్వారు. చేతులు చకచకా కదిలాయి. పత్తి విరగబూసింది, మిరప విరగకాసింది. కానీ కాసిన కాయలన్నీ ఆకుపచ్చవే! ఎర్రరంగు పళ్ళెం మధ్యలో మీగడ కట్టినట్టు కదలకుండా ఉంది. దాని దరిదాపులకి ఒక్క వేలూ పోవడం లేదు.

"అన్నీ పచ్చికాయలేనా? మన చేలో కాయలు పండవా?" అడిగింది నస్రత్.

ఒకడు చేతులు నిక్కరు జేబుల్లో పెట్టేసుకున్నాడు, ఆకుపచ్చ రంగుతోనే.

"పండవమ్మా, ఎలా పండుతాయి?" అన్నాడు పానకాలు వరండాలోంచి. "అంత మంచి రంగయితే ముందు నీ కళ్ళకి రాసుకో టీచరమ్మా, చూద్దాం."

"పానకాలు గారూ!" అన్నారు సామ్రాజ్యం గారు.

"ఉండండి మేడమ్. రెండు రోజులు నిద్రపోలేదు నా బిడ్డ."

అయూబ్ ఒకడుగు ముందుకి వేశాడు. అతను నోరు తెరిచేలోపే నస్రత్ రెండు వేళ్ళు ఎర్రరంగులో ముంచి, కళ్ళ కింద అడ్డంగా రాసుకుంది. ఒక కంటికి, రెండో కంటికి. రెప్పలు ఆర్పుతూ పిల్లల కేసి చూసింది.

"టీచర్ కోతిలా ఉంది!" అన్నాడు జేబుల్లో చేతులు పెట్టుకున్నవాడు.

గది గొల్లుమంది. ఆ నవ్వులో ఒక వేలు ఎర్రరంగులో మునిగింది. ఇంకొకటి. కాసేపటికి పళ్ళెం చుట్టూ తోపులాట. అట్టల మీద కాయలు పండడం మొదలెట్టాయి. పానకాలు పళ్ళు కొరుకుతూ చూస్తుండగానే, అతని కూతురు దీప్తి కూడా చివరికి అరచెయ్యి మొత్తం ముంచి, టపటపా అద్దేసింది.

"ఇది కల్లం," అంది గర్వంగా.

నస్రత్ మొహం విప్పారింది. సంచిలోంచి తెల్లటి కొత్త గుడ్డ తీసి, "చెయ్యి తుడుచుకో తల్లీ," అంది.

దీప్తి రెండు చేతులూ వీపు వెనక దాచేసుకుంది.

"గళ్ళది కాదుగా?"

నస్రత్ గబుక్కున గుడ్డ విప్పి చూపించింది. "కాదమ్మా, తెల్లది. తుడుచుకో, తుడుచుకో."

ఆ తొందరే రహమతున్నీసాని ముందుకి వంగేలా చేసింది.

"గళ్ళది ఏంటే అమ్మడూ?"

"అత్తమ్మా, మీరు కాస్త..." నస్రత్ అడ్డొచ్చింది.

"పిల్లని చెప్పనీ."

"మొన్న గళ్ళ తువాలు ముక్కలిచ్చింది టీచరు," అంది దీప్తి. "వాటితో తుడుచుకున్నాక కళ్ళు మండినాయ్. తెల్లగుడ్డతో తుడుచుకున్నోళ్ళకి మండలా. నేను చెబుతుంటే నాన్న వినలా."

మూడు రోజులుగా ఆ పిల్లని అందరూ ఏ రంగు ముట్టుకున్నావని అడిగారు. ఏ గుడ్డతో తుడుచుకున్నావని ఒక్కరూ అడగలేదు.

రహమతున్నీసా వెనక్కి వాలింది.

గళ్ళ తువాలు. నీలం గళ్ళది. షెడ్డులో కూర్చున్నప్పుడు ఘాటు ఎక్కకుండా ముక్కుకీ నోటికీ కట్టుకునేది, కాయల దుమ్ము దులుపుకునేది. పాతబడిపోయింది. పిల్లలు చేతులు తుడుచుకోవడానికి పాతగుడ్డలు కావాలని నస్రత్ అడిగితే, పెట్టెలోంచి తీసి తనే ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు. మూడు సార్లు ఉతికింది. నస్రత్, కారం పోయిందా అత్తమ్మా అని అడిగితే, రెండు చేతుల మధ్య నలిపి నలిపి చూసి మరీ చెప్పింది.

"చుర్రుమనడం లేదే. పసిపిల్ల మొహం తుడవచ్చు."

చుర్రుమనలేదు. నిజమే.

కానీ చివరిసారి ఈ చేతులు చుర్రుమన్నది ఎప్పుడు?

పనిలో చేరిన కొత్తల్లో రాత్రంతా మజ్జిగలో చేతులు ముంచుకుని ఏడ్చేది. తర్వాత తగ్గింది. ఆ తర్వాత అసలు తెలియకుండా పోయింది. షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళు చేతులు ఊదుకుంటుంటే, తన అరచేతులు చూపించి నవ్వేది. నా చేతులకి మంట తెలీదే అని ఎన్నిసార్లు గొప్పలు పోయింది! పొయ్యి మీది గిన్నె పటకారు లేకుండా దించుతుంటే కొడుకు మురిసిపోయాడు, తనూ మురిసిపోయింది.

మూడు చెంబుల చన్నీళ్ళు.

ఒళ్ళో సైమా ఆవిడ బొటనవేలు నోట్లో పెట్టుకోబోయింది. రహమతున్నీసా వేలు లాగేసుకుంది.

తలెత్తితే నస్రత్ చూస్తోంది. కళ్ళ కింద ఎర్రటి చారలతో, పెదవులు బిగించి, ఎవరికీ తెలియకుండా తల అడ్డంగా ఆడిస్తోంది. వద్దత్తమ్మా, చెప్పొద్దు. అయిపోయింది కదా, పిల్లలు రంగు ముట్టుకున్నారు కదా.

బుధవారం మధ్యాహ్నమే తెలుసు ఈ పిల్లకి. తెలిసి, తిట్లు తింది. తెలిసి, నోరు కుట్టుకుంది.

"సరే, ఇవాళ మండలేదు," అంటున్నాడు పానకాలు సామ్రాజ్యం గారితో. "ఇవాళ అందరం చూస్తున్నాం గనక మంచి రంగు తెచ్చింది. రేపు ఏం కలుపుతుందో ఎవరికి తెలుసు? మా పిల్లల్ని పంపాలంటే..."

రహమతున్నీసా సైమాని వెనకున్న కొడుక్కి అందించింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది.

"ఆ గుడ్డ నాది పానకాలూ."

"ఏ గుడ్డ?"

"నీ కూతురు చెప్పింది చూడు, అది. షెడ్డులో నేను మొహానికి కట్టుకునే తువాలు. నువ్వూ చూశావు. దాన్నే చింపి పిల్లలకిచ్చాం. కారం రంగులో లేదు, అందులో ఉంది."

వరండా అంతా ఇటు తిరిగింది. పానకాలు చేతులు విడిచాడు.

"ఉతక్కుండా ఇచ్చావా రహమతమ్మా?"

"మూడుసార్లు ఉతికా. నలిపి చూసి, లేదని చెప్పింది నేనే. నా మాట నమ్మి పట్టుకొచ్చింది ఈ పిల్ల."

"ఏం మాటలమ్మా అవి! ముప్పై ఏళ్ళు మిరపకాయల్లో బతికినదానివి. కారం ఉందో లేదో నీకు తెలీదంటే ఎవరు నమ్ముతారు? కోడల్ని కాయడానికి చెబుతున్నావు."

రహమతున్నీసా ఇటూ అటూ చూసింది. ఆయా అప్పుడే పెద్దవాళ్ళకి టీ తెచ్చింది. పొగలు కక్కుతున్న స్టీలు గ్లాసులు. అందరూ అంచులు పట్టుకుని, చేతులు మార్చుకుంటూ, కొంగు అడ్డం పెట్టుకుంటూ తీసుకుంటున్నారు. ఆవిడ ఒక గ్లాసు తీసి, రెండు అరచేతుల మధ్య నిండుగా పట్టుకుంది. అలాగే పట్టుకుని నాలుగడుగులు నడిచి పానకాలు ముందు నిలబడింది.

"పట్టుకో."

అతను మామూలుగా చెయ్యి చాపి అందుకున్నాడు.

"అబ్బ!"

గ్లాసు గచ్చు మీద పడి దొర్లింది. టీ చెప్పుల మీద చిందింది. పానకాలు వేళ్ళు ఊదుకుంటూ ఆవిడ అరచేతుల కేసి చూశాడు.

"నాకది గోరువెచ్చగా ఉంది నాయనా," అంది రహమతున్నీసా.

షెడ్డులో పని చేసే ముగ్గురు ఆడవాళ్ళూ ఎవరి చేతులు వాళ్ళు చూసుకుంటున్నారు. ఒకావిడ వేళ్ళు నెమ్మదిగా ఒకదానితో ఒకటి రుద్దుకుంది.

"నస్రత్ సోమవారం నుంచి మామూలుగా వస్తుంది," అన్నారు సామ్రాజ్యం గారు. "ఎవరికైనా అభ్యంతరమా?"

"నాకేం లేదు మేడమ్," అన్నాడు పానకాలు, నేల చూపులు చూస్తూ. వెళ్ళబోతూ ఆగాడు. "రహమతమ్మా... మా దీప్తికి పురిట్లో నలభై రోజులూ నీళ్ళు పోసింది నువ్వేగా."

"నేనే."

అతను కూతుర్ని ఎత్తుకుని, దాని చేతి ఎర్రరంగు తన చొక్కాకి అంటుతున్నా పట్టించుకోకుండా, దాని వీపు నిమిరాడు.

గెలిచిన చోట గెలిచిన సందడి లేదు. పిల్లలు మాత్రం కల్లాల్లో కాయలు ఇంకా ఆరబోస్తూనే ఉన్నారు.

అయూబ్ భుజం మీద సైమా రాగం మొదలెట్టింది. నానమ్మ కనిపించగానే రెండు చేతులూ చాచి, ఆ వైపుకి ఒరిగిపోతూ ఏడుపు పెంచింది. రహమతున్నీసా చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి.

అయూబ్ పిల్లని రెండో భుజం మీదకి మార్చుకున్నాడు.

"అమ్మా," అన్నాడు. గొంతు తగ్గించి అన్నాడు గానీ, అందరికీ వినపడింది. "పోయిన వారం సైమా వీపు ఎర్రబడింది. చెమటకాయలన్నావు."

"అవున్రా..."

"ఇంకా ఎండలే ముదరలేదు. ఇప్పుడు చెమటకాయలేంటమ్మా?"

రహమతున్నీసా నోరు తెరిచింది. ఆ రోజు పిల్ల గుక్కపట్టి ఏడిస్తే, కంట్లో శనగపిండి పడిందనుకుని, ఇంకో చెంబు పోసిన సంగతి గుర్తొచ్చింది. ఆ చెంబు నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో ఎంత తలచుకున్నా గుర్తురాలేదు. గుర్తుండడానికి అసలు తెలిస్తేగా!

నస్రత్ పరుగున వచ్చింది. మణికట్టు దాకా ఎర్రరంగుతో తడిసిన చేతులు రెండూ ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టుకుంది.

"పిల్ల ఏడుస్తోంది, చూడరేం? నా చేతులకి రంగుంది. అత్తమ్మకివ్వండి."

అయూబ్ కదల్లేదు.

"మిమ్మల్నే. అత్తమ్మకివ్వండి."

అతను భార్య ఎర్రటి చేతుల కేసి చూశాడు. తల్లి చాపిన చేతుల కేసి చూశాడు. సైమాని ఇంకాస్త గట్టిగా హత్తుకుని, ఒక్కడే ఆటో వైపు నడిచాడు.